ఎనిమిది వేల ఏళ్ల కరువు

చెన్నకేశవులు అద్దె ఇల్లు చూడటానికి వెళితే ముందు బావిలోకి తొంగి చూసేవాడు. తార్నాకలో రాములవ్వ ఇంటి వెనక వాటా చూసిన రోజున కూడా గదుల వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా బావి దగ్గరికి పోయి, చిన్న రాయి జారవిడిచి, చెవి ఒగ్గి చప్పుడు విని, "ఎండాకాలంలో నీళ్లు ఎంత లోతుకు పోతాయి?" అని అడిగాడు.

"దుంకుతవా ఏంది సారూ, లోతు అడుగుతున్నవు?" అంది రాములవ్వ.

పక్కనే ఉన్న అతని భార్య భాగ్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇల్లు ఖాయమైంది అప్పుడే. ఆ ఇద్దరు ఆడవాళ్ల స్నేహమూ అప్పుడే ఖాయమైంది.

ఇది 1966 నాటి మాట. చెన్నకేశవులు యూనివర్సిటీలో జియాలజీ లెక్చరరు. ముప్ఫై మూడేళ్లవాడు. కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. అతని తండ్రి లక్ష్మయ్య తన చేలో మూడు చోట్ల బావి తవ్వించి, మూడు చోట్లా రాయి చూశాడే గాని నీళ్లు చూడలేదు. ఊళ్లో ఆయనకు 'బావుల లక్ష్మయ్య' అని పేరు స్థిరపడింది. ఆ పేరు పిలిచినప్పుడల్లా తండ్రి నవ్వి ఊరుకునేవాడు, కొడుకు ఊరుకోలేకపోయేవాడు. భూమి లోపల ఏముంటుందో తేల్చుకుందామని జియాలజీ చదివాడు.

అతని పరిశోధన అంతా ఒక్క ప్రశ్న మీద నడిచేది: ఈ దక్కను నేల మీద వేల ఏళ్ల కిందట వానలు ఎట్లా ఉండేవి? జవాబు పాత చెరువుల అడుగున ఉంటుంది. ఏ ఏటి పూల పుప్పొడి ఆ ఏడు నీళ్ల మీద రాలి, బురదలో కూరుకుపోతుంది. పుప్పొడి రేణువు కంటికి ఆనదు గాని దానిపైన గట్టి పెంకు ఉంటుంది, వేల ఏళ్లయినా చెడదు. బురదను యాసిడ్లలో ఉడికించి, మిగిలినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ పొరలో ఏ మొక్క పుప్పొడి ఎంత ఉందో చూస్తే అప్పటి కాలం సంగతి తెలుస్తుంది. నీటి మొక్కల పుప్పొడి ఉంటే నీళ్లున్నట్టు. ఎండు నేలల మొక్కలదైతే కరువు.

చెన్నకేశవులుకు రెండోదే దొరుకుతుందని తవ్వకముందే తెలుసు.

మరుసటి ఏడు సెప్టెంబరు చివర్లో అతను వికారాబాద్ దాటి గవ్వలకుంట అనే చోట గొయ్యి తవ్వించాడు. పేరుకే కుంట. నీళ్లు ఎప్పుడు పోయాయో ఊళ్లో ఎవరికీ తెలియదు. నాగలి పెడితే మాత్రం మట్టితోపాటు చిన్న చిన్న నత్తగుల్లలు పైకి లేస్తాయి. గొయ్యి ఒకటిన్నర నిలువు లోతు పోయింది. బెత్తెడుకు ఒకటి చొప్పున పైనుంచి అడుగుదాకా నలభై చోట్ల మట్టి తీసి మూటలు కట్టాడు. అడుగున దొరికిన బొగ్గు ముక్కను బొంబాయికి పంపితే, దాని వయసు ఎనిమిది వేల ఏళ్లని తర్వాత జవాబు వచ్చింది.

మూటలు తడిగా ఉన్నాయి. ముందు ఆరబెట్టాలి. డిపార్ట్‌మెంటులో ఓవెను చిన్నది. ఒకసారికి రెండు పళ్లేలే పడతాయి, ఒక్కో జతకు ఒక రోజు. మూడు రోజుల్లో దసరా సెలవులు. చెన్నకేశవులు, భాగ్యలక్ష్మి కదిరికి ప్రయాణం పెట్టుకున్నారు.

"పర్వాలే సార్. సెలవులైనంక రోజుకు రెండు లెక్కన నేను ఎండవెడ్త. ఇరవై రోజులల్ల అయిపోతయి," అన్నాడు ల్యాబు అటెండరు యోహాను.

"ఇరవై రోజులా! పైన ఎండ ఉండగా ఓవెను ఏమిటికయ్యా?" అన్నాడు చెన్నకేశవులు. అనంతపురం జిల్లా మనిషికి ఎండ మీద ఉన్న నమ్మకం మరి దేని మీదా ఉండదు.

నలభై మూటలనూ రిక్షాలో తార్నాకకు తెచ్చి, రాములవ్వ డాబా మీద నలభై కాగితాలు పరిచి, ఒక్కో దాని మీద ఒక్కో మట్టి ఆరబోసి, అంకె రాసిన చీటీ పెట్టి, కాగితాలు ఎగరకుండా దొరికినన్ని రాళ్లు పెట్టాడు. వాన సూచన కనపడితే లోపల పెట్టమనీ, కోళ్లను రానివ్వొద్దనీ, దేనిలోది దానిలోనే ఉంచమనీ రాములవ్వకు మూడుసార్లు చెప్పాడు.

"బంగారం ఎండవెట్టినట్టే చెప్తున్నవు సారూ. పోయి రా, నేను సూస్త," అంది ఆమె.

తిరిగి వచ్చేసరికి నలభై పొట్లాలు పొందికగా కట్టి, దారాలు చుట్టి, చీటీలతో సహా గూట్లో వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కటీ తారుమారు కాలేదు. "పక్కన్నే కూసోని కాపాడిన. రోజుకు రెండుసార్లు చేత్తోటి తిర్లమర్ల చేసిన," అంది రాములవ్వ. చెన్నకేశవులు ఎంతో సంతోషించాడు. అంతసేపు డాబా మీద కూర్చుని ఆమె ఏం చేసిందని అతనికి అడగాలనిపించలేదు.

చలికాలమంతా మైక్రోస్కోపు మీదనే గడిచింది. మొదటి స్లైడులోనే గుండ్రటి రేణువు కనిపించింది, ఒళ్లంతా సన్న సన్న చిల్లులతో. పుస్తకాలు తిరగేశాడు. ఎండిపోయిన నేలల్లో, చవిటి నేలల్లో బాగా పెరిగే మొక్కల కుటుంబానిదని రాసి ఉంది. రెండో స్లైడు, మూడో స్లైడు, పదో స్లైడు, నలభైయ్యోది. పై నుంచి అడుగుదాకా అదే రేణువు, వందలకు వందలు. గవ్వలకుంట చుట్టూ ఎనిమిది వేల ఏళ్లపాటు తెరపి లేని కరువు! కరువు దొరికినందుకు అంత సంబరపడ్డ రాయలసీమవాడు అంతకుముందు ఉండి ఉండడు.

ఆ రేణువు బొమ్మను పెద్ద అట్ట మీద గీసి ఇంట్లో గోడకు తగిలించాడు. రాములవ్వ వచ్చి చాలాసేపు చూసింది.

"బూందీ లడ్డు మంచిగ గీసినవు సారూ."

"లడ్డు కాదవ్వా, పుప్పొడి. కంటికి కనపడదు. ఎనిమిది వేల ఏళ్లనాటిది."

"గిన్నేండ్లు ఎవ్వలు తినకుండ ఎట్లుంచిండ్రు?" అంది రాములవ్వ. భాగ్యలక్ష్మి వంటింట్లోకి పారిపోయింది. లడ్డు అన్న మాట ల్యాబులో యోహానుదాకా పాకింది.

డిపార్ట్‌మెంటులో అధిపతి ప్రొఫెసర్ రాజలింగం కరీంనగర్ వైపు మనిషి, నెమ్మదస్తుడు. సెమినారులో చెన్నకేశవులు గంటసేపు మాట్లాడాక ఆయన ఒకటే అడిగాడు.

"అంత బాగనే ఉన్నదయ్యా. మరి గా నత్తలు?"

"నత్తలేమి సార్?"

"పొరపొరకు నత్తగుల్లలు ఉన్నయంటివి. ఎనిమిది వేల ఏండ్లు drought అయితే గవి ఏం తాగి బతికినయి?"

హాలంతా నవ్వింది. చెన్నకేశవులు, వానాకాలంలో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే నత్తలకు చాలునని వాదించాడు. "మీ అనంతపురం నత్తలైతే బతుకుతయేమో," అన్నాడు ప్రొఫెసరు. ఆ రోజు నుంచి చెన్నకేశవులు డిపార్ట్‌మెంటులో కరువు సారు అయ్యాడు. అతనేమీ బాధపడలేదు. 1968 డిసెంబరులో క్యాంపస్‌లోనే దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్లతో పెద్ద సభ జరగబోతోంది. అక్కడ చదవడానికి అతని వ్యాసం ఒప్పుకున్నారు. సారాంశం అచ్చయి కూడా వచ్చింది.

ఆ ఏడు దసరాకు ఊరికి పోలేదు. వ్యాసం పూర్తి చేయాలి. సెప్టెంబరు నెలాఖరు, బతుకమ్మ రోజులు. ఒక మధ్యాహ్నం అతను బల్ల దగ్గర రాసుకుంటుంటే డాబా మీంచి నవ్వులు వినిపిస్తున్నాయి. కాసేపటికి భాగ్యలక్ష్మి దిగి వచ్చింది. రెండుసార్లు తుమ్మింది. జాకెట్టు చేతుల మీద, కొంగు మీద సన్నటి పొడి.

"ఏమే అది?"

"గునుగు పూలు. రాములవ్వ వాళ్లు రామంతాపూర్ చేలల్లోంచి గంపలకు గంపలు తెచ్చినారు. కట్టలు కట్టి, కొసలకు రంగు అద్ది, మిద్దె మీద ఆరేస్తావుండాము. బతుకమ్మలో వరసలు పేర్చేది వాటితోనే అంట. మన పక్క ఇట్లాంటిది లేదే పాపం."

"రాములవ్వ ఏటా ఇంట్లోనే పేరుస్తుందా?"

"ఏటా. పోయినేడు మనం ఊరికి పోయినప్పుడు కూడా..." భాగ్యలక్ష్మి మాట మధ్యలో ఆగింది. ఆమె కళ్లు గోడ మీది బొమ్మ వైపు, అక్కడి నుంచి తన కొంగు వైపు, అక్కడి నుంచి మొగుడి ముఖం వైపు తిరిగాయి.

చెన్నకేశవులు మెట్లు రెండేసి ఎక్కి పైకి పోయాడు. డాబా నిండా పూలు. నలుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో రాములవ్వ.

"అవ్వా, పోయిన సంవత్సరం నా మట్టి ఆరబోసినప్పుడు ఈ పూలు యాడ పెట్టినావు?"

"యాడ వెడ్త? గీడనే. నీ మట్టి నడిమిట్ల, పూలు సుట్టూత. నీ మట్టికి కావలి ఉన్నట్టు ఉంటది, మా పని అయితదని."

"పక్కన పెట్టినారు, అంతే కదా? దాని మీద పడలేదు కదా?"

"మీదేడ వడ్డయి? పడలే." రాములవ్వ కాస్త ఆలోచించింది. "గని, నువ్వు పెట్టిన రాళ్లు సరిపోలే సారూ. గాలికి కాయితాలు లేస్తున్నయి. రాళ్లు తక్కువైనకాడ గునుగు కట్టలు వెట్టిన, బరువుకు."

"మట్టి మీదనా?"

"మట్టి మీదనే. గంత భయమెందుకు? మల్ల తీసి, దులిపి, గదే చేత్తోటి అన్నిటిని తిర్లమర్ల చేసి, సాఫ్‌గ పొట్లం కట్టిన గద!"

చెన్నకేశవులు ఒక గునుగు కట్ట అందుకుని కిందికి దిగాడు. సైకిలు ఎక్కి, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో పూలు పట్టుకుని క్యాంపస్ వైపు తొక్కాడు. హాస్టలు మలుపులో ఎవరో విద్యార్థులు, "సార్, మీరు గూడ బతుకమ్మ ఆడతరా?" అని కేక వేశారు. అతనికి వినపడలేదు.

యోహాను తాళం తీశాడు. చెన్నకేశవులు పూలను స్లైడు మీద దులిపి మైక్రోస్కోపులో చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. యోహాను వంగి తనూ చూశాడు.

"గిది మన లడ్డే గద సార్?" అన్నాడు. చెన్నకేశవులు చేతిలోని పూలు చూశాక యోహానుకు సంగతి అర్థమై, నవ్వు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చి బయటికి పోయాడు.

రెండు రోజులు చెన్నకేశవులు వ్యాసం ముట్టుకోలేదు. రాములవ్వ పప్పు బెల్లం కలిపిన ముద్దలు పంపితే తిన్నాడు గాని రుచి తెలియలేదు. మూడో రోజు పొద్దున భాగ్యలక్ష్మి కాఫీ గ్లాసు అతని ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏమి చేస్తామనుకుంటావుండారు?"

"ఆలోచిస్తావుండా. ఈ సంగతి ఎవరికి తెలుసు? ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు. రాములవ్వకు తెలుసు. యోహానుకు తెలుసు. మీకు తెలుసు. ఇంకా ఎంతమందికి తెలియాల?"

అతను కాఫీ తాగలేదు. "భాగ్యా, ఈ నేల మొదటి నుంచీ ఇంతేనని తేలితే బాగుండు అనుకున్నా. వేల ఏళ్లుగా ఎండిందే అయితే, మా నాయన బావిలో నీళ్లు పడకపోవడం ఆయన తెలివితక్కువ కాదు కదా. ఎవరు తవ్వినా అంతే కదా."

భాగ్యలక్ష్మికి ఎగతాళి నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. లేచి అతని పక్కన కూర్చుంది.

"మామ తెలివితక్కువ మనిషని మీరు తప్ప ఎవరూ అనుకోలేదు. ఊళ్లో వాళ్లు ఎగతాళి చేస్తే ఆయనా నవ్వుతాడు. దానికి మీరు వికారాబాద్ మట్టి చేత సాక్ష్యం చెప్పించాల్నా?" కాఫీ గ్లాసు అతని దగ్గరికి జరిపి, "పొండి, పోయి చెప్పిరాండి. ముఖం కడుక్కొని పొండి. రెండు రోజులాయ, గడ్డం గీసుకోలేదు," అంది.

ప్రొఫెసర్ రాజలింగం ఇంట్లో పేపరు చదువుకుంటున్నాడు. చెన్నకేశవులు నిలబడే అంతా చెప్పాడు. గునుగు కట్టలు మట్టి మీద బరువుకు పెట్టిన చోటికి రాగానే ప్రొఫెసరు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు కదలసాగింది. చివరికి దాన్ని దించి, కళ్లు తుడుచుకున్నాడు.

"కూసో కేశవులూ. నవ్వినందుకు ఏమనుకోకు. వ్యాసం withdraw చేస్కుంటనని కాయితం రాసియ్యి. కారణం రాయకు. ఎవ్వరు అడగరు."

"వద్దు సార్. సారాంశం అచ్చయింది, జనం చదువుతారు. నేనే నిలబడి తప్పని చెప్తా."

ప్రొఫెసరు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మల్ల తవ్వుతవా?"

"మళ్లీ తవ్వుతా."

"ఓవెన్?"

"రోజుకు రెండు సార్. ఇరవై రోజులు."

అక్టోబరు రెండో వారంలో గవ్వలకుంటలో మళ్లీ గొయ్యి పడింది. ఈసారి భాగ్యలక్ష్మి కూడా వెళ్లింది. గట్టున కూర్చుని చీటీలు రాసింది. మూటలు తిన్నగా ల్యాబుకు వచ్చాయి. యోహాను రోజుకు రెండు పళ్లేలు పెట్టి, తలుపు మూసి, గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పూలు పెట్టుకున్న అమ్మాయిలెవరినీ ఆ వరండాలోకి రానివ్వలేదు. మట్టి పళ్లేల పక్కన చెన్నకేశవులు నూనె రాసిన ఖాళీ గాజు పలకలు పెట్టాడు, గాలిలోంచి ఏ పుప్పొడి వచ్చి పడినా వాటికి అంటుకుని దొరికిపోయేట్టు.

నవంబరులో స్లైడులు తయారయ్యాయి. ఖాళీ పలకల మీద దాదాపు ఏమీ లేదు. మట్టిలో మాత్రం ఉంది. అడుగు నుంచి సగందాకా జమ్ము పుప్పొడి, తుంగ పుప్పొడి, అక్కడక్కడా తామర, అన్నీ నీళ్లలో పెరిగేవే. మొదటి స్లైడుల్లో ఇవి గునుగు గుంపు మధ్య కనపడకుండా పోయాయి. ఆ పై పొరల్లో గడ్డి. అన్నిటికన్నా పై పొరల్లో ఏదీ సరిగా నిలవలేదు. అక్కడ ఏం జరిగిందో చెప్పలేం. గవ్వలకుంటలో కొన్ని వేల ఏళ్లపాటు నీళ్లు ఎండకుండా నిలిచాయి.

చెన్నకేశవులు భాగ్యలక్ష్మిని ల్యాబుకు పిలుచుకుపోయి చూపించాడు. ఆమె ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఇది హాస్టలు వెనక మురిక్కాలవలోది కాదని ఎట్లా తెలుసు?"

అతను ఖాళీ పలకల సంగతి చెప్పాడు. ఆమె ఇంకో రెండు ప్రశ్నలు వేసింది. ఒకదానికి జవాబు చెప్పాడు. రెండోది కాగితం మీద రాసుకుని, మర్నాడు రెండు స్లైడులు మళ్లీ చేశాడు.

డిసెంబరు సభలో అతని వంతు రెండో రోజు పొద్దున వచ్చింది. హాలు నిండుగా ఉంది. చెన్నకేశవులు లేచి, అచ్చయిన సారాంశం చేత్తో ఎత్తి చూపించి, ఇందులో ఉన్న కరువు ఎనిమిది వేల ఏళ్ల కిందటిది కాదు, తార్నాకలో పోయిన ఏడు మా ఇంటి యజమానురాలు ఆరేసిన పూలది అన్నాడు. ముందు వరసలోవాళ్లు తమ దగ్గరున్న సారాంశం తిరగేశారు. తర్వాత ఎవరో ఒకరు ఫక్కుమన్నారు. ఇక హాలంతా ఒకటే నవ్వు. అతను చేతులు కట్టుకుని, అది తగ్గేదాకా ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి గాని కూర్చోలేదు. తర్వాత జమ్ము గురించి, తుంగ గురించి, ఖాళీ పలకల గురించి చెప్పాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కొందరు రాసుకున్నారు. నీళ్లు ఎంత లోతు ఉండేవని ఒకాయన అడిగితే, "తెలియదండీ" అని కూర్చున్నాడు.

టీ వేళ మద్రాసు నుంచి వచ్చిన కామాక్షి అనే బోటనీ ఆవిడ అతని దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, తను రెండేళ్లు ఒక కొత్త రకం పుప్పొడిని వర్ణించాననీ, అది తన గంజి చీర నుంచి రాలిన పిండి అని తర్వాత తెలిసిందనీ చెప్పింది. ఎవరికీ చెప్పలేదట. ఈలోగా లక్నో నుంచి వచ్చిన పెద్దాయన చేరాడు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు దోమ రెక్క మీది పొలుసును కశ్మీరు సరస్సులో మొక్కగా లెక్కించాడట. పూనా నుంచి వచ్చినాయన తన సంగతి మొదలుపెట్టేసరికి గంట మోగింది. ఎవరూ లోపలికి పోలేదు.

మధ్యాహ్నానికి ఆ ముగ్గురూ మాట్లాడుకుంటూనే చెన్నకేశవులు వెంట తార్నాకదాకా నడిచి వచ్చారు. భాగ్యలక్ష్మి ఇద్దరికి పెట్టిన అన్నం దించి, అందరికీ సరిపడేట్టు మళ్లీ ఎసరు పెట్టింది. రాములవ్వ వరండాలో కూర్చుని వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ పరీక్షగా చూసింది.

"వీళ్లెవలు సారూ?"

"పెద్ద పెద్ద సైంటిస్టులు అవ్వా."

"మరి గిట్ల నవ్వుతున్నరేంది?"

లక్నో పెద్దాయన ఆమె ముఖం చూసి, అడిగినదేమిటో చెన్నకేశవులును కనుక్కుని, వచ్చి ఆమె ఎదురుగా మోడా మీద కూర్చున్నాడు. తన దోమ రెక్క కథంతా ఉర్దూలో, మొదటి నుంచి, తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. రాములవ్వ "అచ్ఛా" అంటూ వింటోంది. లోపల నుంచి భాగ్యలక్ష్మి, ఇంకో శేరు బియ్యం ఉంటే ఇమ్మని కేక వేసింది. కథ సగంలో ఉంది, రాములవ్వ లేవలేదు. కొంగుకున్న బియ్యం గది తాళం చెవి విప్పి చెన్నకేశవులు చేతిలో పెట్టింది.